గొడ్డు మీది పిడుదు గడప దాటకముందే



పోయిన వానాకాలంలో ఒక ఆదివారం. ఆరాధన ముగిసి అందరూ చెప్పులు వేసుకుంటున్న వేళ మా సంఘంలోని ఒక పెద్దావిడ నా దగ్గరికి వచ్చి నిలబడింది. కళ్ళ నిండా నిద్రలేమి.

"తమ్ముడూ, మనవడికి ఆరు రోజులుగా జ్వరం. తలకాయ పగిలిపోతోందని ఏడుస్తున్నాడు. ఊళ్ళో రెండు సూదులు వేయించాను. పగలు కాస్త దిగుతుంది, రాత్రికి మళ్ళీ కాలిపోతుంది" అంది.

నేను పశువైద్య శాఖలో ముప్పై ఏళ్ళు కాంపౌండరుగా పని చేసి రిటైరైనవాణ్ణి. మనుషుల వైద్యం నా పని కాదు. కాని ఆ పిల్లవాడు బడి వదలగానే మేకలను తోలుకుని చెరువుగట్టు మీది తుప్పల్లోకి వెళ్తాడని నాకు తెలుసు. అందుకే, "అక్కా, పిల్లవాడి ఒళ్ళంతా ఒకసారి బట్టలు విప్పి చూశారా?" అని అడిగాను.

"ఒళ్ళు కాలుతుంటే బట్టలెందుకు విప్పుతాం తమ్ముడూ, దుప్పటి కప్పాం గాని" అంది.

ఆ మధ్యాహ్నమే ఆటోలో వాణ్ణి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి నర్సమ్మ ఓపికగా చెవుల వెనుక చూసింది, చంకల్లో చూసింది. చివరికి మొలతాడు పైకి జరిపి, "ఇదిగో" అంది. మొలతాడు కింద బీడీ నిప్పు అంటించినట్టుగా చిన్న నల్లని పెచ్చు. నొప్పి లేదు, దురద లేదు, అందుకే వాడూ ఎవరికీ చెప్పలేదు. డాక్టరుగారు రక్తపరీక్ష రాసి, ఆ ఫలితం కోసం కాచుకోకుండానే మందు మొదలుపెట్టారు. మూడోనాటికి జ్వరం దిగింది. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే ఊపిరితిత్తులకు, మెదడుకు పాకేదని ఆయన చెప్పినప్పుడు ఆ ముసలితల్లి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

ఆ జ్వరం పేరు స్క్రబ్ టైఫస్. దాన్ని తెచ్చేది పిడుదు కాదు, దాని దూరపు చుట్టమైన చిగ్గర్ అనే నల్లిజాతి పురుగు. అయినా రెండూ తుప్పల్లో, గడ్డిలో కాచుకుని ఉండేవే. రెండింటి నుంచి కాపాడుకునే పద్ధతీ చాలావరకు ఒక్కటే. కనుక ఈ నెల ఈ శీర్షికలో పిడుదుల సంగతి వివరంగా చెప్పుకుందాం.

పిడుదు అంటే ఏమిటి?

మన జిల్లాల్లో కొందరు పిడుదులంటారు, కొందరు గోమార్లంటారు. ఇది ఈగలా, దోమలా ఆరుకాళ్ళ పురుగు కాదు. పెద్దదైన పిడుదుకు ఎనిమిది కాళ్ళుంటాయి. సాలెపురుగుకు, తేలుకు ఇది బంధువు. దీనికి రెక్కలు లేవు, గెంతడం రాదు, చెట్టు మీది నుంచి దూకదు. గడ్డిపోచ చివరికి ఎక్కి, ముందుకాళ్ళు చాపి కూర్చుంటుంది. ఏ పశువో, కుక్కో, మనిషి కాలో ఆ గడ్డిని రాసుకుంటూ పోతే పట్టుకుని ఎక్కేస్తుంది. అంతే దాని విద్య.

పశువులకు పట్టే మామూలు పిడుదు దాదాపు మూడు వారాలు ఒకే పశువు మీద ఉండి పిల్ల నుంచి పెద్దదవుతుంది. ఆడది కడుపునిండా రక్తం తాగి, ఆముదపు గింజలా ఉబ్బి, నేలమీదికి రాలుతుంది. పేడ కింద, గడ్డి కింద, గోడ పగుళ్ళలో చేరి రెండు మూడు వేల గుడ్లు పెట్టి చచ్చిపోతుంది. ఆ గుడ్లు పగిలి వచ్చిన పిల్లలు తిండి లేకపోయినా వారాలు, నెలల తరబడి కాచుకుని ఉండగలవు. కనుక మన కంటికి గొడ్డు మీద కనబడే పిడుదులు కొన్నే. కనబడనివి దొడ్డిలో, నేలలో ఉన్నాయి. గొడ్డుకు మాత్రమే మందు రాసి, దొడ్డిని వదిలేసినవారు నెల తిరక్కుండానే, "మందు పని చేయలేదండీ" అని మా ఆసుపత్రికి తిరిగి వచ్చేవారు. మందు పని చేసింది. పని మాత్రం సగమే జరిగింది.

కుక్కకు పట్టే గోధుమరంగు పిడుదు తీరు వేరు. అది మూడుసార్లు కుక్కను ఎక్కుతుంది, మూడుసార్లు దిగుతుంది. దిగినప్పుడల్లా గోడ నెర్రెల్లో, తలుపు చట్రాల సందుల్లో, నులకమంచం పట్టెల్లో దాక్కుంటుంది. ఇంటిలోపలే సంసారం చేయగల పిడుదు ఇదే. గోడమీద పైకి పాకుతున్న పిడుదులను చూశారంటే, వెంటనే మీ కుక్క చెవులు చూడండి.

పశువుకు చేసే నష్టం

ఒక్కో ఆడ పిడుదు అర మిల్లీలీటరు, అంతకంటే ఎక్కువ కూడా రక్తం తాగుతుంది. వంద పిడుదులున్న గేదె రోజూ ఏం కోల్పోతుందో లెక్క వేసుకోండి. పాలు తగ్గుతాయి, ఎద తప్పుతుంది, దూడ ఎదగదు. చర్మానికి చిల్లులు పడితే తోలుకూ ధర రాదు.

అంతకంటే పెద్ద నష్టం అది మోసుకొచ్చే జబ్బులు. దోమ మలేరియా తెస్తుందని సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ తేల్చింది 1897లో అని మన పిల్లలు బడిలో చదువుకుంటారు. దానికి నాలుగేళ్ళ ముందే, 1893లో, అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్బోర్న్ అనే ఇద్దరు, పశువుల్లో ఒక జ్వరాన్ని పిడుదులే మోస్తున్నాయని నిరూపించి ప్రచురించారు. ఆ జబ్బునే మనం ఎర్రమూత్రం అంటాం. దాని పేరు బెబీసియోసిస్. పశువుకు తీవ్రమైన జ్వరం వచ్చి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో పోస్తుంది.

రెండోది థైలేరియాసిస్. జెర్సీ, హెచ్‌ఎఫ్ సంకరజాతి ఆవులకు, వాటి దూడలకు ఇది గట్టి శత్రువు. జ్వరం 104 డిగ్రీలు దాటుతుంది. భుజం ముందు, చెవి కింద బిళ్ళలు కడతాయి. మేత మానేస్తుంది, కళ్ళలోపల, చిగుళ్ళలో ఎరుపు పోయి తెల్లబడుతుంది. ఆలస్యం చేస్తే పశువు దక్కదు. తొలి రెండు మూడు రోజుల్లో సరైన సూది పడితే చాలావరకు కోలుకుంటుంది. దీనికి హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ తయారు చేసిన రక్షావ్యాక్-టి అనే టీకా ఉంది. సంకరజాతి పెయ్యలను పెంచేవారు మీ పశువైద్యుణ్ణి దాని గురించి అడగండి.

మన ఒంగోలు వంటి నాటు జాతులు పిడుదులను బాగా తట్టుకుంటాయి. చర్మాన్ని విదిలించడం, తోకతో విసురుకోవడం, నాకి తీసేసుకోవడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణాలు. మన నెల్లూరు, ఒంగోలు సీమల పశువులు సముద్రం దాటి బ్రెజిల్ దేశం చేరి, అక్కడ నెలోర్ అనే పేరుతో లక్షలమందలుగా పెరగడానికి వేడినీ పిడుదులనూ ఓర్చుకునే ఆ గుణం కూడా ఒక కారణం. నాటు ఆవుకు అసలు జబ్బు రాదని దీని అర్థం కాదు. సంకరజాతి ఆవును తెచ్చుకున్నవారు రెండింతలు జాగ్రత్తగా ఉండాలని అర్థం.

మా ఇంట్లో జరిగిన తప్పు

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఇది నేను ఉద్యోగంలో చేరకముందు, నాకు పదకొండేళ్ళప్పుడు జరిగింది. మా ఇంట్లో ఒక గేదె, ఏడు నెలల పెయ్యదూడ ఉండేవి. దూడ చెవుల నిండా, తోక కింద పిడుదులు. మా నాన్నగారు పత్తికి కొట్టగా డబ్బాలో మిగిలిన పురుగుమందును నీళ్ళలో కలిపి, గుడ్డతో దూడ ఒళ్ళంతా రుద్దారు. గుడ్డ తడిపి అందించింది నేనే. పురుగును చంపే మందు పిడుదును చంపదా అని ఆయన ఆలోచన. పిడుదులు రాలాయి. గంటలో దూడ నోటి వెంట నురగ, కాళ్ళు వణుకు. దీపాలు పెట్టే వేళకు కూలబడిపోయింది. దాన్ని నాకుతూ నిలబడిన గేదె కూడా మూడు రోజులు మేత ముట్టలేదు. మా అమ్మ ఆ రాత్రి వంట చేయలేదు. ఆ పెయ్య పెద్దదై పాలిస్తే మా అక్క పెళ్ళి అప్పు తీరుతుందని లెక్క వేసుకున్న ఇల్లు మాది.

నాన్నగారు చెడ్డవారు కారు, తెలియనివారు. ఆ తెలియనితనం ఇప్పటికీ పల్లెల్లో ఉంది కనుకనే ఇంత వివరంగా రాస్తున్నాను. చేలో కొట్టే మందు గొడ్డు మీద ఎన్నటికీ వాడకండి. పిల్లల తలలో పేలకైతే అసలే వాడకండి.

పశువుల కోసం వేరే మందులున్నాయి. అమిట్రాజ్, డెల్టామెత్రిన్ వంటివి పశువుల మందుల షాపులో దొరుకుతాయి. ఉదాహరణకు అమిట్రాజ్ 12.5 శాతం మందును మామూలుగా లీటరు నీటికి 2 మిల్లీలీటర్లు కలుపుతారు. అయితే సీసాల్లో మోతాదు వేర్వేరుగా ఉంటుంది కనుక చీటీ మీద రాసినదే, డాక్టరు చెప్పినదే మీకు ప్రమాణం. "కాస్త ఎక్కువేస్తే బాగా చస్తాయి" అనుకోవద్దు. ఐవర్‌మెక్టిన్ సూది కూడా ఉంది. కాని ఆ మందు పాలలోకి వస్తుంది. కనుక పాలిచ్చే పశువుకు డాక్టరును అడగకుండా వేయించకండి.

మందు కొట్టే రోజున ఈ క్రమం పాటించండి.

1. ముందుగా పశువులకు కడుపునిండా నీళ్ళు పెట్టండి. దాహంతో ఉన్న పశువు తడిసిన ఒళ్ళు నాకుతుంది.

2. ఎండ ముదరకముందు, వాన రాని రోజున కొట్టండి. ఒంటిమీద పుండ్లుంటే ముందు డాక్టరుకు చూపించండి.

3. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ కట్టుకుని, గాలికి ఎదురుగా కాక గాలివాలున నిలబడండి. పిల్లలను దగ్గరికి రానివ్వకండి.

4. వీపు మీద మాత్రమే కాదు. చెవుల లోపలి అంచు, మెడ కింది గంగడోలు, పొదుగు చుట్టూ, తొడల సందు, తోక మొదలు, గిట్టల మధ్య తడవాలి. పిడుదులుండేది అక్కడే. కళ్ళలో, నోట్లో పడనీయకండి. పొదుగును పాలు పితికే ముందు బాగా కడగండి.

5. ఇంట్లో ఎన్ని పశువులుంటే అన్నింటికీ ఒకే రోజున కొట్టండి. పక్కింటివారినీ అదే రోజు చేయమని అడగండి. ఒక దొడ్డి శుభ్రమై పక్క దొడ్డి నిండా ఉంటే ఫలితం నిలవదు.

6. గుడ్ల మీద మందు పని చేయదు. కనుక రెండు మూడు వారాలకు మళ్ళీ కొట్టాలి.

7. మిగిలిన నీళ్ళు చెరువులో, కాలువలో పోయకండి. చేపలు చస్తాయి. ఖాళీ సీసాను నూనెకో, పాలకో వాడుకోకండి. మందు సీసాను పిల్లల చేతికందని చోట తాళంలో పెట్టండి.

ఏళ్ళ తరబడి ఒకే మందు వాడితే పిడుదులు దానికి అలవాటుపడిపోతాయి. అప్పుడు మోతాదు పెంచడం మార్గం కాదు. డాక్టరును అడిగి మందు మార్చాలి.

కుక్క, పిల్లి

మన పల్లెల్లో కుక్కకు గంజి పోస్తాం గాని ఒళ్ళు చూసే అలవాటు తక్కువ. వారానికి ఒకసారి దాని చెవులు తిరగేసి, మెడపట్టీ కింద, కాలివేళ్ళ మధ్య చూడండి. ఇది పిల్లలకు అప్పగించదగిన పనే గాని, పిడుదులను గోళ్ళతో పీకి, రాతిమీద నలిపే ఆట మాత్రం మాన్పించండి. ఆ రక్తంలోని క్రిములు చేతి గీతల్లోంచి, రుద్దుకున్న కళ్ళలోంచి లోపలికి పోగలవు. తీసిన పిడుదును మూత ఉన్న సీసాలో కొంచెం కిరోసిన్ పోసి అందులో వేయండి.

కుక్క మేత మానేసి, జ్వరంతో మూలన పడుకుని, చిగుళ్ళు తెల్లబడినా, ముక్కు నుంచి రక్తం కారినా అది పిడుదు జబ్బు కావచ్చు. ఎర్లికియోసిస్ అనే ఈ జబ్బుకు మందు ఉంది. కుక్కలకు మెడమీద చుక్కలుగా వేసే మందు, మెడపట్టీ, మింగించే మాత్రలు పశువైద్యులు రాసిస్తారు. దాని బరువును బట్టి మోతాదు.

పిల్లి ఉన్న ఇంటివారు ఒక మాట గుర్తుంచుకోండి. కుక్కలకు వాడే పెర్మెత్రిన్ మందు పిల్లికి విషం. కుక్కకు తెచ్చింది మిగిలిందని పిల్లికి వేయకండి.

దొడ్డి, వాకిలి

మందుల ఖర్చు సగం తగ్గించేది చీపురూ కొడవలీ. మా అనుభవంలో ఏ మందు కంటే ఇవే ఎక్కువ పని చేశాయి.

గొడ్లపాక గోడల నెర్రెలను మట్టితోనో సిమెంటుతోనో పూడ్చి, ఏడాదికి రెండుసార్లు సున్నం కొట్టించండి. అడుగున పరిచిన పాత గడ్డి, తడిసిన చెత్త వారానికోసారి తీసి దూరంగా తగలబెట్టండి. పాకలో మాత్రం నిప్పు పెట్టకండి. పిడుదుల కోసం పాకకు నిప్పంటించుకున్నవారిని నేను చూశాను. గొడ్లకు మందు కొట్టిన రోజునే గోడల పగుళ్ళలో, గాటిపలకల సందుల్లో కూడా కొట్టండి. గాటిలో మేత తీసేసి, ఆరాక కడిగి మళ్ళీ వేయండి.

పేడదిబ్బ, గడ్డివాము, కట్టెలమోపులు ఇంటి గోడకు ఆనించి పెట్టవద్దు. అక్కడ ఎలుకలు చేరతాయి. ఎలుక ఉన్నచోట పిడుదు, చిగ్గర్ రెండూ ఉంటాయి. ఇంటి చుట్టూ, బడికి పోయే దారిలో, మరుగుదొడ్డికి పోయే దారిలో వయ్యారిభామ, పిచ్చితుప్పలు కొట్టేసి ఎండ పడనివ్వండి. ఎండిన నేలమీద పిడుదు పిల్ల ఎక్కువకాలం బతకదు.

నాటుకోళ్ళు దొడ్డిలో తిరుగుతూ పిడుదులను ఏరుకుని తింటాయి. మంచిదే గాని, వాటినే నమ్ముకుంటే చాలదు. మందు కొట్టిన రోజున రాలిన పిడుదులను అవి తినకుండా గంపకింద కమ్మండి. కోళ్ళగూటికి కూడా వేరే జాతి పిడుదు ఒకటి పడుతుంది. అది పగలు చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి కోళ్ళ రక్తం తాగుతుంది. కోళ్ళు కారణం లేకుండా నీరసించి చస్తుంటే రాత్రి లాంతరో టార్చిలైటో వేసి గూటి చెక్కల సందులు చూడండి.

మన ఒళ్ళు, మన పిల్లలు

గడ్డి కోతకు, కట్టెలకు, మేకల వెంట వెళ్ళేవారు నిండు చేతుల చొక్కా, కాళ్ళు కప్పే బట్ట వేసుకోండి. ప్యాంటు అంచును మేజోళ్ళలోకి దోపుకోవడం చూడ్డానికి వింతగా ఉన్నా మంచి రక్షణ. దోమల క్రీము కాళ్ళకు, చేతులకు రాసుకున్నా కొంత మేలు. తుప్పల పక్కన నేలమీద పడుకోకండి. బట్టలు విప్పి పొదల మీద ఆరేయకండి.

ఇంటికి రాగానే బట్టలు మార్చి, విడిచినవి వేడినీళ్ళలో నానబెట్టి ఎండలో ఆరేయండి. సబ్బుతో ఒళ్ళు రుద్దుకుని స్నానం చేయండి. తల్లులారా, పిల్లలకు నీళ్ళు పోసేటప్పుడు రోజూ ఒక్క నిమిషం కేటాయించండి. చెవుల వెనుక, మెడ మీద జుట్టు కుదుళ్ళు, ఆడపిల్లల పాపిట, జడ మొదలు, చంకలు, బొడ్డు, మొలతాడు కింద, తొడల సందు, మోకాలి వెనుక చూడండి. పెద్దపిల్లలు సిగ్గుపడతారు; వాళ్ళకు ఎక్కడెక్కడ చూసుకోవాలో నేర్పితే చాలు.

పిడుదు కరచుకుని కనబడితే కంగారు పడకండి. కిరోసిన్ పోయడం, అగరొత్తితో కాల్చడం, సున్నం పెట్టడం చేయకండి. అలా బాధ పెడితే అది కడుపులోనిది గాయంలోకి కక్కవచ్చు. పిల్లవాడి చర్మమూ కాలుతుంది. ముళ్ళు తీసే సన్నని శ్రావణంతో చర్మానికి ఆనుకుని, దాని నోటి దగ్గర పట్టుకుని, మెలి తిప్పకుండా, నిదానంగా నిటారుగా లాగండి. శ్రావణం లేకపోతే వేలికి గుడ్డో ప్లాస్టిక్ కాగితమో చుట్టుకోండి. నోటి ముక్క ఏదైనా మిగిలినా సూదితో కెలకకండి. చర్మమే దాన్ని తోసేస్తుంది. ఆ చోటును, చేతులను సబ్బుతో కడిగి, కేలెండరు మీద ఆ తేదీకి గుర్తు పెట్టండి.

ఆ గుర్తు ఎందుకంటే, ఈ జ్వరాలు వెంటనే రావు. కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా పట్టవచ్చు. అప్పటికి పిడుదు సంగతి అందరూ మరచిపోతారు. జ్వరం, తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, అరచేతుల్లో అరికాళ్ళలో కూడా కనిపించే ఎర్రని పొక్కులు, నల్లని పెచ్చు, వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్ళి, "తుప్పల్లోకి వెళ్ళాడు, పిడుదు పట్టింది, ఫలానా తేదీన తీశాం" అని మీరే చెప్పండి. ఆ ఒక్క మాట డాక్టరుకు దారి చూపిస్తుంది. స్క్రబ్ టైఫస్‌కు గాని, కుక్క పిడుదు తెచ్చే మచ్చల జ్వరానికి గాని డాక్సీసైక్లిన్ అనే పాతకాలపు, చవకైన మందు చక్కగా పని చేస్తుంది. అయితే అది డాక్టరు రాస్తేనే వాడాలి. నల్లపెచ్చు అందరికీ కనబడదు. అది లేనంత మాత్రాన జబ్బు లేదనుకోకూడదు. తిరుపతి, చిత్తూరు వైపు ఆసుపత్రుల్లో ఈ స్క్రబ్ టైఫస్ రోగులు చాలాకాలంగా కనిపిస్తూనే ఉన్నారు.

బయటి ప్రాంతాలకు పనులకు వెళ్ళేవారికి ఇంకో మాట. కర్ణాటకలోని శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో 1957లో కోతులు గుంపులుగా చచ్చిపోయి, వెంటనే మనుషులకు జ్వరాలు వచ్చాయి. పిడుదులు మోసే ఆ కోతిజ్వరం తరువాత పడమటి కనుమల్లోని ఇతర రాష్ట్రాల్లోనూ కనబడింది. ఆ అడవుల్లో పనికి పోయేవారు చచ్చిన కోతి కనిపిస్తే దగ్గరికి పోక అధికారులకు చెప్పాలి. 2011లో గుజరాత్‌లో క్రిమియన్ కాంగో జ్వరం బయటపడింది. అది పిడుదుల వల్ల, పశువుల రక్తం వల్ల, రోగి రక్తం వల్ల అంటుకుంటుంది. కనుక పశువులను కోసేవారు, పిడుదులను చేతితో నలిపేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పిల్లలు అమెరికాలో ఉన్న తల్లిదండ్రులు మన పాఠకుల్లో చాలామంది ఉన్నారు. అక్కడి ఈశాన్య రాష్ట్రాల్లో జింకలు తిరిగే అడవుల అంచున లైమ్ జబ్బు తెచ్చే పిడుదులున్నాయి. కనెక్టికట్‌లోని లైమ్ అనే ఊరి పేరే దానికి వచ్చింది. దాని క్రిమిని విల్లీ బర్గ్‌డార్ఫర్ బృందం 1982లో ప్రకటించింది. కరచిన చోట ఎరుపు వలయంలా పెద్దదవుతూ పోవడం దాని గుర్తు. మామూలుగా ఒక రోజుకు పైగా పట్టుకుని ఉంటేనే ఆ క్రిమి మనిషిలోకి చేరుతుంది. కనుక అక్కడి మనవలకూ మన మాట అదే: ఆడుకుని రాగానే ఒళ్ళు చూసుకోండి.

చివరిగా

ఇవన్నీ ఒక్కరోజులో చేయలేరు. ఈ వారం గొడ్లపాక శుభ్రం చేసి నెర్రెలు పూడ్చండి. వచ్చే వారం అన్ని పశువులకూ ఒకేసారి మందు కొట్టండి. రోజూ సాయంత్రం పిల్లవాడి ఒళ్ళు చూడటం మాత్రం ఈ రోజు నుంచే మొదలుపెట్టండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఆ పెద్దావిడ మనవడు ఇప్పుడు మళ్ళీ మేకల వెంట పోతున్నాడు. కాని ఇంటికి రాగానే వాళ్ళ నాయనమ్మ గడపలోనే ఆపి, "చొక్కా విప్పరా, మొలతాడు జరుపు" అంటుంది. వాడు విసుక్కుంటూనే నిలబడతాడు. మొన్న మా వీధిలో నుంచి పోతూ ఆ కేక విన్నాను. మా ఇంట్లో ఆనాడు ఇలాంటి మాట చెప్పేవారు ఒక్కరున్నా ఆ పెయ్య బతికేదే కదా అనిపించింది.